చలిగదిలో మరిచిన సిరి

హైదరాబాద్ నుంచి ముంబయి వెళ్లే రహదారి మీద పటాన్‌చెరు దాటుతూ రోజూ వేలమంది ప్రయాణం చేస్తారు. ఆ దారి పక్కనే అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ప్రాంగణంలో, సున్నాకు 20 డిగ్రీల దిగువన ఉంచిన గదుల్లో, గాలి తీసి మూసిన అల్యూమినియం సంచుల్లో, 140కి పైగా దేశాల రైతుల విత్తనం ఉంది. శనగ, కంది, వేరుశనగతో కలిపి మొత్తం లక్షా 20 వేలకు పైగా నమూనాలు. అందులో జొన్నవే 40 వేల దరిదాపు. సజ్జవి 20 వేలు దాటాయి. ఇంతకన్నా పెద్ద సజ్జ విత్తన నిధి ప్రపంచంలో మరోచోట లేదు. రాగి వేలల్లో ఉంది. కొర్ర, సామ, అరికె, ఊద, వరిగ ఉన్నాయి. కోహినూరు పరాయి రాణి కిరీటంలో ఉందని తరతరాలుగా బాధపడుతున్నవాళ్లం మనం. మన గడ్డ మీదే, మన గుమ్మం ముందే ఉన్న ఈ సంపద పేరు ఎంతమందిమి ఎత్తాం? ఏ బడి పిల్లల్ని తీసుకెళ్లి ఇదిగో మీ తాతల కష్టం అని చూపించాం? ఏ శాసనసభ దీని కోసం ఒక్క పూట కేటాయించింది?

"రాగి తినండి, కాల్షియం ఉంటుంది" అని డాక్టరు చెబుతాడు, టీవీలో చెబుతారు, పాకెట్ మీద అచ్చు వేస్తారు. ఏ రాగి? ఈ ఒక్క ప్రశ్న అడిగే దిక్కు లేదు. ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు తమ దగ్గరున్న దాదాపు 6 వేల రాగి నమూనాల్లోంచి, వాటి వైవిధ్యం జారిపోకుండా, 622 ఏరారు. అందులోంచి మళ్లీ 80 ఏరి, ఒకే పొలంలో పక్కపక్కన పండించి, గింజను పరీక్షించారు. 100 గ్రాముల గింజలో కాల్షియం ఒక రకంలో 184 మిల్లీగ్రాములు, ఇంకో రకంలో 489. ఇనుము ఒకదాంట్లో 2.2 మిల్లీగ్రాములు, ఇంకోదాంట్లో 6.5. మాంసకృత్తులు ఒకచోట 6 శాతం, ఇంకోచోట 11. అన్నీ రాగే. అన్నీ ఒకే నేలలో, ఒకే వానకు పెరిగినవే. ఇద్దరు తల్లులు ఒకే కొలతతో జావ కాచి ఇద్దరు బిడ్డలకు పోస్తే, ఒక బిడ్డకు అందే బలం రెండో బిడ్డకు అందేదానికి రెట్టింపు దాటొచ్చు. ఆ తేడా తల్లి చేతిలో లేదు, ఎసట్లో లేదు, విత్తనంలో ఉంది. ఈ సంగతి బయటపడి పదేళ్లు దాటింది. అంగన్‌వాడీకి వస్తున్న రాగిపిండి ఏ రకానిదని అడిగిన అధికారి ఉన్నాడా? సంచి మీద రకం పేరు రాసిన వ్యాపారి ఉన్నాడా?

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. దానికి మనం కనిపెట్టిన మందు ఏమిటి? బియ్యప్పిండిలో ఇనుము కలిపి, యంత్రంలో మళ్లీ గింజలా అచ్చుపోసి, ఆ అచ్చు గింజల్ని రేషన్ బియ్యంలో కలుపుతూ వచ్చాం. దానికి టెండర్లు, మిల్లులు, తనిఖీలు, కోట్ల రూపాయలు. తన వేళ్లతో తానే నేలలోని ఇనుమును తోడుకొని గింజలో దాచుకునే పంట మాత్రం పటాన్‌చెరులో సంఖ్య వేసిన సంచిలో పడి ఉంది. ఆకలితో, నీరసంతో ఉన్న జనానికీ ఆ సంచికీ మధ్య ఉన్న దూరం ఎన్ని కిలోమీటర్లు? సంగారెడ్డి జిల్లాలోనే కొన్ని ఊళ్లకు ఆ దూరం ఒక బస్సు టికెట్టు.

జొన్న అంటే ఒక గింజ అనుకుంటున్నాం. ఆ 40 వేల నమూనాల్ని ఒక్క వానాకాలం పొలంలో విత్తి చూస్తే ఆ మాట అనడానికి నోరు రాదు. కొన్నింటి కంకి గింజ మీద గింజ ఇరుక్కుని గుత్తిగా ఉంటుంది. మన రబీ జొన్న ఆ తీరే, నల్లరేగడి నేలలో మంచుకు, మిగిలిన తేమకు పండి బతుకుతుంది. పశ్చిమ ఆఫ్రికా జొన్న కంకి విడివిడిగా వేలాడుతుంది; వాన కురిసినా నీరు జారిపోయి, గాలి ఆడి, గింజకు బూజు పట్టదు. ఎర్ర గింజ జొన్నలు కొన్ని వగరుగా ఉంటాయి, పిట్ట నోట పెట్టదు. తొలి ఏకాదశికి పేలాల పిండి కొట్టే ఇళ్లలో పెద్దవాళ్లకు తెలుసు, ప్రతి జొన్నా పువ్వులా పేలదు. పేలే జొన్న వేరు, రొట్టె జొన్న వేరు, గటక జొన్న వేరు. మధ్యప్రదేశ్‌లో సువాసన వచ్చే జొన్నలు దొరికాయి. ఇథియోపియాలోని వోలో ప్రాంతంలో మామూలు జొన్నలో కరువైన లైసిన్ అనే పోషకం దండిగా ఉన్న జొన్నలు 1970లలో బయటపడ్డాయి. అదే ఇథియోపియా జొన్న ఒకటి, గింజ పాలు పోసుకునే వేళ నీళ్లు అందకపోయినా ఆకు పచ్చగా నిలుపుకుంటుంది. ఆ ఒక్క గుణాన్ని పట్టుకుని అమెరికా, ఆస్ట్రేలియా దేశాల శాస్త్రవేత్తలు తమ జొన్న పొలాలకు కరువును తట్టుకునే శక్తి ఇచ్చుకున్నారు. కరువు ఎక్కువ ఎవరికి? వాళ్లకా, అనంతపురానికా?

సజ్జ సంగతి చూడండి. జానెడు కంకి మనం ఎరిగినది. పశ్చిమ ఆఫ్రికాలో మీటరు దాటిన కంకులున్నాయి. కంకి నిండా ముల్లులాంటి నూగుతో పిట్టల్ని దగ్గరికి రానీయని సజ్జలున్నాయి. తమిళనాడులో చెరకులా కాడ నమిలితే తియ్యగా ఉండే సజ్జ రకాల్ని సేకరించారు. గింజ మనిషికి, కాడ పశువుకు. రాగి వెన్నుల్లో వేళ్లు లోపలికి ముడుచుకున్నవి కొన్ని, నిటారుగా చాచినవి కొన్ని, పొడవుగా వంగి వేలాడేవి కొన్ని. ఈ తేడాలు చూడ్డానికి ముచ్చటగా ఉన్నాయని చెప్పడం లేదు. ఆ ప్రతి తేడా వెనక ఒక కరువుంది, ఒక తెగులుంది, ఒక వంటింటి అవసరముంది. వాటిని తట్టుకుని నిలిచిన జవాబే ఆ విత్తనం.

ఆ జవాబు ఎవరు రాశారు? డిగ్రీలున్నవాళ్లు కాదు. పంట కోతకు ముందే చేలో తిరిగి, వెన్ను వెన్నూ చూసి, ఇది విత్తనానికి అని విడిగా కోసి, బూడిద కలిపి, వేపాకు వేసి, కుండలో దాచి, మూతికి పేడమట్టి మెత్తిన అవ్వలు రాశారు. ఉత్తరాంధ్రలో చోళ్లని, రాయలసీమలో రాగులని, తెలంగాణలో తైదలని పిలుచుకుంటూ ఒక్కో నేలకు ఒక్కో తీరుగా మలిచారు. వేల ఏళ్ల కిందట ఆఫ్రికా నుంచి వచ్చిన జొన్న, సజ్జ, రాగి ఈ నేలకు సొంతమయ్యాయంటే అది వాళ్ల చలవ. ఏ పుస్తకంలో వాళ్ల పేరుంది? ఏ రకానికి వాళ్ల పేరు పెట్టాం?

ఒకప్పుడు ఈ గింజల్ని గౌరవించిన కాలం లేకపోలేదు. మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో కోయంబత్తూరులో జి.ఎన్. రంగస్వామి అయ్యంగార్ అనే శాస్త్రవేత్త చిరుధాన్యాల నిపుణుడిగా జీవితమంతా ఈ పంటల గుణాల్నే చదివాడు. జొన్న గింజ రంగు ఒక తరం నుంచి ఇంకో తరానికి ఎలా దిగుతుంది, కాడలో తీపి ఎలా వస్తుంది అని వరుసగా పరిశోధనలు రాశాడు. వరికి, గోధుమకు దొరికినంత మర్యాద ఆనాడు జొన్నకూ దొరికింది. 1960లలో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ సాయంతో హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో ప్రపంచ జొన్నల్ని ఒక్కచోట చేర్చారు. 16,138 నమూనాలు. ప్రపంచంలో జొన్న మీద పనిచేసే ఏ శాస్త్రవేత్త అయినా నేటికీ వాడే ఐ.ఎస్. సంఖ్యల వరుస అక్కడే మొదలైంది.

తర్వాత జరిగింది చదివితే కడుపు రగులుతుంది. 1972లో ఇక్రిశాట్ ఏర్పడింది. 1974లో ఆ జొన్న నిధిని అప్పగించే నాటికి మొలకెత్తే స్థితిలో చేతికందినవి 8,961 మాత్రమే. మిగిలిన ఏడు వేల పైచిలుకు విత్తనం సరైన చలిగది లేక చచ్చిపోయింది. ఎన్నో ఊళ్ల కష్టం, చలిగది లేక! నకళ్లు అమెరికాలో ఉండబట్టి మూడు వేల పైచిలుకు తిరిగి దొరికాయి. తక్కినవి పోయాయి. అవి ఏ వాన లేమికి ఓర్చేవో, ఏ తెగులుకు లొంగనివో, ఏ పిల్లల రక్తానికి ఇనుమయ్యేవో ఇక ఎవరూ చెప్పలేరు. ఒక గుడిలో విగ్రహం పోతే ఊరంతా కదులుతుంది, పోలీసులు కదులుతారు, పత్రికలు నెలల తరబడి రాస్తాయి. వేల రకాల అన్నం పోతే ఒక్క ఊరేగింపు జరిగిందా? ఒక్క విచారణ జరిగిందా?

ఆ నష్టాన్ని పూడ్చడానికి ఊళ్లు పట్టుకు తిరిగినవాళ్లున్నారు. ఇథియోపియాకు చెందిన మెలాక్ మెంగేషా, ఆయనతో కలిసి జొన్న కోసం తిరిగిన కె.ఇ. ప్రసాదరావు, సజ్జ కోసం తిరిగిన ఎస్. అప్పారావు. ఆఫ్రికా ఎడారి అంచుల్లో, కొండ ఊళ్లలో రైతు కళ్లంలో కూర్చుని గుప్పెడు గింజలు అడిగి తెచ్చి, ఊరి పేరు, ఎత్తు, నేల తీరు, రైతు చెప్పిన గుణం రాసి పెట్టారు. సొంత విత్తనం పోగొట్టుకున్న సోమాలియా, ఇథియోపియా, కెన్యా, కామెరూన్, బోట్స్‌వానా లాంటి దేశాలు తమ జొన్నల్ని పటాన్‌చెరు నుంచే తిరిగి అందుకున్నాయి. ప్రసాదరావు, అప్పారావు అన్న పేర్లు వింటే మన ఇంటి మనుషుల్లా లేరూ? వీధి మలుపులో చిల్లర నాయకుడి విగ్రహానికి పాలాభిషేకం చేసే మనకు ఈ పేర్లు ఎందుకు తెలియవు?

విత్తనం దాచడమంటే సంచిలో పెట్టి తాళం వేయడం కాదు. కొన్నేళ్లకోసారి తీసి మొలక శాతం చూడాలి. అది తగ్గినా, గింజ నిల్వ తరిగినా పొలంలో మళ్లీ పండించాలి. సజ్జ పుప్పొడి గాలికి ఎగిరి పక్క రకంతో కలిసిపోతుంది. అందుకే ప్రతి నమూనాకూ వందకు పైగా మొక్కలు పెంచి, పూతకు ముందే కంకులకు కాగితం సంచులు తొడిగి, తమలో తాము తప్ప ఇతరులతో కలవకుండా కాపాడాలి. కొద్ది మొక్కలతో సరిపెడితే పేరు మిగులుతుంది, లోపలి గుణాలు జారిపోతాయి. ఎండలో నిలబడి వేల కంకులకు సంచులు తొడిగే ఆ చేతులకు ఏ రాష్ట్ర అవతరణ రోజున శాలువా కప్పారు?

వైవిధ్యాన్ని పక్కన పెడితే ఏమవుతుందో ఈ దేశం ఒకసారి చూసింది. 1965 నుంచి వచ్చిన తొలి హైబ్రిడ్ సజ్జలన్నీ అమెరికాలోని టిఫ్టన్ నుంచి వచ్చిన ఒకే తల్లి వరుస మీద నిలబడ్డాయి. దిగుబడి చూసి దేశమంతా మురిసింది. 1971లో వెర్రి కంకి తెగులు పడింది. గింజ రావలసిన చోట ఆకులు వచ్చాయి, చేలకు చేలు పోయాయి. ఒకే తల్లి బిడ్డలు గనక ఒకే దెబ్బకు పడ్డాయి. వైవిధ్యాన్ని చేరదీస్తే ఏమవుతుందో కూడా ఈ దేశమే చూసింది. పశ్చిమ ఆఫ్రికాలోని టోగో దేశపు ఉత్తర ప్రాంతంలో రైతులు పెంచుకునే ఇనియాడి అనే నాటు సజ్జ ఉంది. త్వరగా కోతకొస్తుంది, గింజ లావు. దాని నుంచి ఇక్రిశాట్‌లో తీసిన ఐ.సి.టి.పి. 8203ను 1988లో మహారాష్ట్ర, ఆంధ్రప్రదేశ్ రైతులకు ఇచ్చారు. ఆ గింజలో ఇనుము దండిగా ఉందని తర్వాత తేలింది. దాన్నే ఇంకా మెరుగుపరిచి ధనశక్తి పేరుతో 2012లో మహారాష్ట్రలో విడుదల చేశారు. పేరు తెలియని టోగో రైతు దాచిన గింజ మన దగ్గరి పిల్లలకు బలమైంది. 20 వేల సజ్జ నమూనాల్లో ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయి? వెతికితే కదా తెలిసేది! ప్రపంచ జన్యు నిధుల్లో ఉన్న విత్తనంలో కొత్త వంగడాలు తీయడానికి వాడుతున్నది ఒక్క శాతం కూడా లేదని శాస్త్రవేత్తలే ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. రాగిలో ఆ 622, ఆ 80 లాంటి చిన్న గుంపులు ఏరి పెట్టింది కూడా అందుకే: ఇన్ని వేలు చూడలేమంటున్నారు, ఈ కొన్నైనా చూడండి అని. అయినా చూసేవాళ్లేరీ?

1960ల మొదట్లో దేశంలో దాదాపు కోటీ 80 లక్షల హెక్టార్లలో జొన్న పండేది. ఇవాళ 40 లక్షల దరిదాపుకు కుంగింది. బోరు నీళ్లు, పత్తి, మొక్కజొన్న ఒకవైపు తరిమాయి. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చింది. పేదవాడి కడుపు నిండింది, అందుకు ఎవరూ తప్పుపట్టరు. కానీ అదే చేత్తో కిలో జొన్న, కిలో కొర్ర ఎందుకు ఇవ్వలేకపోయారు? రేషన్ షాపులో లేని గింజ పళ్లెంలో లేకుండా పోయింది, పళ్లెంలో లేనిది పొలంలో లేకుండా పోయింది, పొలంలో లేనిది కుండలోనూ అడుగంటింది. సాగు పంటల విత్తనాలను దేశాలు పంచుకోవడానికి 2001లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం జాబితాలో జొన్న, సజ్జ, రాగి ఉన్నాయి. కొర్ర, సామ, అరికె, ఊద, వరిగ అక్కడ కూడా లేవు. ఢిల్లీ ప్రకటించే మద్దతు ధరల్లోనూ వాటికంటూ ఒక ధర లేదు. ప్రపంచానికీ పట్టలేదు, ఢిల్లీకీ పట్టలేదు. నంద్యాలలో సూర్యనంది లాంటి మంచి కొర్ర రకాన్ని తీసిన శాస్త్రవేత్తల పేర్లు పక్క జిల్లాకైనా తెలుసా?

2018ని దేశమంతా చిరుధాన్యాల సంవత్సరమన్నారు. 2023ని ప్రపంచమంతా అన్నారు. విందులు జరిగాయి, స్టాళ్లు వెలిశాయి, బిస్కెట్లు, నూడుల్స్, ఐస్‌క్రీములు వచ్చాయి. అన్నింటి మీదా ఒకే మాట, మిల్లెట్. ఏ పంటో, ఏ రకమో, ఏ నేలదో, ఏ రైతుదో లేదు. అదే 2023 మార్చిలో పి.వి. సతీష్ కన్నుమూశారు. జహీరాబాద్ పక్కన పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీతో నలభై ఏళ్లు ఈ గింజల కోసమే నిలబడిన మనిషి. ఆ సొసైటీలోని ఊరి సంఘాల ఆడవాళ్లు, ఎక్కువమంది దళిత మహిళలు, ఎకరం రెండెకరాల ఎర్రనేలలో పది పదిహేను పంటలు కలిపి వేసి, ఊరూరా విత్తన బ్యాంకులు నడిపి, సంక్రాంతి వేళ ఎడ్లబండ్ల మీద విత్తనాల కుండలు పెట్టి పాత పంటల జాతర చేస్తూ వచ్చారు. 2019లో ఐక్యరాజ్యసమితి వాళ్లకు ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. న్యూయార్క్ గుర్తించిన ఆ ఆడవాళ్లను హైదరాబాద్ ఎంత గుర్తించింది? చలిగదిలో విత్తనానికి కాలం ఆగిపోతుంది. కొత్త పురుగు, కొత్త ఎండ దానికి తెలియవు. ఏటా పొలంలో పడి లేచే విత్తనమే మారుతున్న కాలంతో పాటు మారుతుంది. పటాన్‌చెరు దాచింది, పస్తాపూర్ పెంచింది. రెండింటి మధ్య 80 కిలోమీటర్లు కూడా లేవు. ఆ రెండింటినీ కలిపే పథకం ఏ ప్రభుత్వం రాసింది?

పక్క రాష్ట్రం చేసి చూపించింది. ఒడిశా 2017లో చిరుధాన్యాల మిషన్ పెట్టి, కోరాపుట్, మల్కన్‌గిరి గిరిజన రైతుల రాగి రకాల్ని ఏరి, పొలాల్లో పోల్చి చూసి, నాలుగింటిని నాటు రకాలుగానే గుర్తించి విడుదల చేసింది: కుంద్రా బాటి, లక్ష్మీపూర్ కాలియా, మాల్యబంత మామి, గుప్తేశ్వర్ భారతి. ఆ కొండలు దాటితే మన పాడేరు, మన అరకు. అదే కొండ, అదే వాన, అదే చోడి, ఆ ఆడవాళ్లదీ అదే ఓపిక. అటువైపు రకానికి పేరు, గుర్తింపు, విత్తన ధర. ఇటువైపు ఏముంది?

అయ్యా, వ్యవసాయ మంత్రులారా, విశ్వవిద్యాలయాల ఉపకులపతులారా, పౌరసరఫరాల అధికారులారా! రాజేంద్రనగర్‌లో భారత చిరుధాన్యాల పరిశోధన సంస్థ ఉంది, జాతీయ మొక్కల జన్యు వనరుల బ్యూరో ప్రాంతీయ కేంద్రం ఉంది, విజయనగరం, నంద్యాల, పెరుమాళ్లపల్లెల్లో పరిశోధన కేంద్రాలున్నాయి. ఇన్ని ఉండి ఆ విత్తనం ఇంకా సంచిలోనే ఎందుకుంది? అంగన్‌వాడీకి కొనే రాగికి కాల్షియం, ఇనుము ఎంతుండాలో టెండర్‌లో రాయండి. ఆ ఒక్క వాక్యం రాస్తే మంచి రకం తనంత తానే పొలానికి వస్తుంది. సజ్జ వంగడం విడుదల కావాలంటే గింజలో ఇనుము ఇంతుండాలని 2018లో దేశం నియమం పెట్టుకుంది, రాగికి ఎందుకు పెట్టరు? విత్తనాన్ని మళ్లీ పండించే పనికి ఏటేటా అడుక్కునే పరిస్థితి లేకుండా నిధి కేటాయించండి. ఏడు వేల జొన్నల పాపం మళ్లీ మన తలకెక్కనీయకండి. సంఘాల ఆడవాళ్లను సలహా కమిటీల్లో కూర్చోబెట్టండి, వాళ్ల విత్తనానికి ధర కట్టండి. పటాన్‌చెరులో ప్రతి నమూనాకూ అది ఎక్కడి నుంచి వచ్చిందో నమోదు చేసే పద్ధతి ఉంది. కర్నూలు నుంచి వెళ్లిన కొర్ర, మహబూబ్‌నగర్ నుంచి వెళ్లిన జొన్న, విశాఖ ఏజెన్సీ నుంచి వెళ్లిన సామ ఏవేవో ఆ రికార్డులు తీసి చూడండి. పిడికెడు పిడికెడు చొప్పున బయటికి తీసి, పండించి, ఈ వానాకాలానికే ఆ ఊళ్లకు తిరిగి పంపండి.